ముందు పన్ను ఇంప్లాంట్: ఎముకలో రంధ్రం చేసే పద్ధతుల మధ్య తేడాలేమిటి?

ముందు పన్ను పోయి ఇంప్లాంట్ పెట్టించుకోవాలనుకునేవాళ్ళు సాధారణంగా రెండు సంగతులు అడుగుతారు. స్క్రూ ఏ కంపెనీది? మొత్తం ఎంతవుతుంది? ఆ స్క్రూ కూర్చోవడానికి దవడ ఎముకలో రంధ్రం ఏ పద్ధతిలో చేస్తారని అడిగేవాళ్ళు చాలా అరుదు. పేరున్న కంపెనీల స్క్రూల మధ్య తేడా రోగికి తెలిసేంత పెద్దది కాదు. రంధ్రం ఎక్కడ చేశారు, ఏ పనిముట్టుతో చేశారు, ఎముక మీద ఎంత ఒత్తిడి పడింది అన్నవి మాత్రం ముందు పన్ను దగ్గర చాలా లెక్కలోకి వస్తాయి.

పద్ధతి కుదరకపోతే స్క్రూ ఊడిపోవడం ఒక్కటే ప్రమాదమని అనుకుంటాం. ముందు పన్నుకు ఇంకో ప్రమాదం ఉంది. స్క్రూ గట్టిగానే ఉంటుంది. కానీ కొన్నాళ్ళకు పెదవి వైపు ఎముక కరుగుతుంది, చిగురు పైకి జరుగుతుంది, పన్ను పక్కదాని కంటే పొడుగ్గా కనిపిస్తుంది, చిగురు లోంచి లోహం బూడిద రంగులో తొంగిచూస్తుంది. దవడ పన్నుకు ఇలా జరిగితే అద్దంలో కూడా కనిపించదు. నవ్వితే కనిపించే చోట జరిగితే మళ్ళీ సరిచేయడం కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. అందుకే ఈ పద్ధతులను పోల్చేటప్పుడు ఏది ఎక్కువ బిగువునిస్తుంది అని మాత్రమే చూస్తే సరిపోదు, ఆ బిగువు ఎక్కడి ఎముక నుంచి వస్తోంది అని చూడాలి. ఈ వ్యాసంలో పై దవడ ముందు పళ్ళనే తీసుకున్నాం. ప్రమాదాల్లో ఎక్కువగా దెబ్బతినేవి అవే.

పై దవడ ముందు ఎముక ఎలా ఉంటుంది

దవడ ఎముకకు బయట గట్టి పెంకు, లోపల స్పాంజిలాగా గదులు గదులుగా ఉండే మెత్తటి భాగం ఉంటాయి. ఈ రెండూ ఎంతెంత ఉన్నాయన్నదాన్ని బట్టి ఎముకను నాలుగు రకాలుగా చెబుతారు. 1985లో లెక్‌హోమ్, జార్బ్ అనే ఇద్దరు చేసిన ఈ విభజననే ఇప్పటికీ వాడుతున్నారు. మొదటి రకం దాదాపు మొత్తం గట్టి పెంకే. నాలుగో రకంలో పలుచటి పెంకు, లోపలంతా వదులు స్పాంజి. కింది దవడ ముందు భాగం ఎక్కువగా మొదటి, రెండో రకంలోకి వస్తుంది. పై దవడ వెనక భాగం నాలుగో రకానికి దగ్గర. పై దవడ ముందు భాగం మధ్యస్థంగా ఎక్కువమందిలో మూడో రకంగా ఉంటుంది. మరీ మెత్తన కాదు, అలాగని స్క్రూ తనంతట తానే గట్టిగా పట్టేంత గట్టిదీ కాదు.

ఇక్కడ అసలు చిక్కు పెదవి వైపు గోడది. పన్ను వేరును ఒక పెట్టెలో ఉన్నట్టు ఊహించుకుంటే, అంగిలి వైపు గోడ మందంగా, గట్టిగా ఉంటుంది. పెదవి వైపు గోడ కోడిగుడ్డు పెంకులా ఉంటుంది. 2010లో వచ్చిన ఒక ఐరోపా అధ్యయనంలో పన్ను తీసిన వెంటనే ఆ గోడను కొలిచారు. ముందు పళ్ళ దగ్గర సగటు మందం 0.8 మి.మీ. కొలిచిన చోట్లలో 87 శాతం 1 మి.మీ. లేదా అంతకంటే తక్కువ. ఇంప్లాంట్ ముందు నిలకడగా నిలవాలంటే పెదవి వైపు కనీసం 1.5 నుంచి 2 మి.మీ. ఎముక ఉండాలని శస్త్రవైద్యులు కోరుకుంటారు. అంటే చాలామందికి అక్కడ ఉండాల్సినంత ఎముక మొదటి నుంచీ లేదు.

పైగా ఈ పలుచటి గోడ పంటి వేరును ఆనుకుని, దాని నుంచే రక్తసరఫరాలో కొంత భాగం అందుకుంటూ బతుకుతుంది. పన్ను పోయాక అది కరగడం సహజం. పన్ను తీసిన తర్వాత ఏడాదిలో గట్టు వెడల్పు సుమారు సగం తగ్గిందనీ, అందులో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే జరిగిందనీ 2003 నాటి ఒక అధ్యయనం చెప్పింది. అది వెనక పళ్ళ మీద చేసినదే అయినా, ముందు గోడ అంతకంటే పలుచన కాబట్టి అక్కడ కరగదని ధీమా పడడానికి లేదు. పన్ను పోయి నెలల తరబడి ఊరుకుని, తర్వాత ఇంప్లాంట్‌కు వెళ్ళేవాళ్ళకు "ఎముక చాలదు" అన్న మాట వినిపించేది ఇందుకే.

బిగువు రెండు విడతల్లో వస్తుంది

స్క్రూ తిప్పిన రోజు దొరికే బిగువు పూర్తిగా యంత్రపు బిగువు. చెక్కలో స్క్రూ పట్టినట్టే, ఎముక గోడల ఒరిపిడితో నిలుస్తుంది. దీన్ని తొలి బిగువు అనుకుందాం. తర్వాత టైటానియం ఉపరితలం మీద కొత్త ఎముక పెరిగి దానికి అతుక్కుంటుంది. ఇది జీవపు బిగువు. టైటానియం ఎముకతో ఇలా కలిసిపోతుందన్న సంగతిని స్వీడన్‌కు చెందిన పెర్-ఇంగ్వర్ బ్రానెమార్క్ 1952లో కుందేళ్ళ మీద పరిశోధన చేస్తుండగా గమనించారు. ఎముకలో అమర్చిన టైటానియం పరికరం తిరిగి ఊడిరాలేదు. 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటి రోగికి ఇంప్లాంట్లు వేశారు.

ఈ రెండు బిగువుల మధ్య ఒక లోయ ఉంది. రంధ్రం చేసేటప్పుడు దెబ్బతిన్న ఎముకను శరీరం ముందు తినేసి, తర్వాత కొత్తది కడుతుంది. కాబట్టి సుమారు రెండో వారం నుంచి నాలుగో వారం వరకు తొలి బిగువు తగ్గుతూ ఉంటుంది, కొత్త బిగువు ఇంకా పూర్తిగా రాదు. ఇంప్లాంట్ పెట్టిన రోజు కంటే మూడో వారంలో అది బలహీనంగా ఉండడం మామూలే. "నొప్పి లేదు కదా" అని ఆ రోజుల్లో ముందు పళ్ళతో చెరుకు గడ నమిలేవాళ్ళకు ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

రంధ్రం చేసే ప్రతి పద్ధతీ ఈ లోయతో ఏదో ఒక విధంగా బేరమాడుతుంది. కొన్ని తొలి బిగువును పెంచుతాయి. కొన్ని ఎముకకు తక్కువ గాయం చేసి లోయ లోతును తగ్గిస్తాయి. ఈ రెండూ ఒకేసారి పూర్తిగా దొరకడం కష్టం.

మామూలు డ్రిల్లింగ్

ఎక్కువ క్లినిక్‌లలో జరిగేది ఇదే. సుమారు 2 మి.మీ. సన్నటి డ్రిల్‌తో మొదలుపెట్టి, ఒక్కో అంచె వెడల్పు చేస్తూ, స్క్రూ కంటే కొంచెం సన్నటి రంధ్రం వరకు వస్తారు. నిమిషానికి 800 నుంచి 1500 చుట్ల వేగం, పక్కనుంచి చల్లటి సెలైన్ ధార. తొలిచిన ఎముక పొడిగా బయటికి వచ్చేస్తుంది.

సెలైన్ ధార చూడడానికి చిన్న విషయం. కానీ 1983లో ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్సన్ కుందేలు ఎముక మీద చేసిన ప్రయోగంలో 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుందని తేలింది. ఒంటి వేడికి పది డిగ్రీలు ఎక్కువ, అంతే. మొద్దుబారిన డ్రిల్‌తో గట్టిగా నొక్కితే ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. అందుకే డ్రిల్‌లను ఎన్నిసార్లు వాడారో లెక్కపెట్టి మార్చే క్లినిక్, ఏ పద్ధతి వాడినా, కొంత నమ్మదగ్గ క్లినిక్.

ఈ పద్ధతి బలం ఏమిటంటే దీని ఫలితాల మీద అర్ధ శతాబ్దపు అనుభవం ఉంది. ఎముక గట్టిగా ఉన్నచోట ఇదే మేలు. బలహీనత కూడా స్పష్టమే. మూడో రకం ఎముకలో, ఉన్న కాస్త ఎముకను తొలిచి బయట పారబోస్తాం. ముందు పన్ను దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. అంగిలి వైపు ఎముక గట్టిది, పెదవి వైపు మెత్తనిది కాబట్టి డ్రిల్ తనంతట తాను మెత్తటి వైపు జారుతుంది. చెక్కలో ముడి తగిలితే డ్రిల్ పక్కకు పోయినట్టు. చెయ్యి తిరిగిన వైద్యులు దీన్ని కాచుకుని అంగిలి వైపుకు ఒత్తిపట్టి తొలుస్తారు. లేదా స్కాన్ ఆధారంగా చేసిన గైడ్ ప్లేటు వాడతారు.

సన్నగా తొలిచి బిగించడం

మెత్తటి ఎముకకు అన్నిటికంటే చవకైన ఉపాయం చివరి డ్రిల్ వాడకుండా వదిలేయడం. రంధ్రం కావాల్సినదానికంటే సన్నగా ఉంటుంది, మొన తేలిన స్క్రూ తన దారి తానే చేసుకుంటూ లోపలికి దిగుతుంది, చుట్టూ ఉన్న మెత్తటి ఎముక కాస్త నొక్కుకుపోతుంది. కొత్త సామాను అక్కర్లేదు. చాలామంది వైద్యులు ప్రత్యేకంగా పేరు పెట్టకుండానే ఇది చేస్తుంటారు.

దీనికి ఒక హద్దు ఉంది. రంధ్రం పైభాగంలో గట్టి పెంకు ఉంటుంది. అక్కడ కూడా సన్నగానే వదిలేసి స్క్రూను బలవంతంగా తిప్పితే, ఒత్తిడంతా ఆ పెంకు మీద, అందులోనూ పలుచటి పెదవి వైపు అంచు మీద పడుతుంది. రక్తం అందని ఎముక చచ్చి కరిగిపోతుంది. ఆ రోజు బిగువు కొలత చాలా బాగా వస్తుంది, నెలల తర్వాత చిగురు జరుగుతుంది. నా ఉద్దేశంలో ముందు పన్ను దగ్గర ఎక్కువగా మోసం చేసేది ఈ కొలతే. పైభాగాన్ని సరైన వెడల్పు చేసి, లోపలి మెత్తటి భాగాన్ని మాత్రం సన్నగా వదిలేవాళ్ళు ఈ ఉపాయాన్ని సరిగ్గా వాడుతున్నట్టు.

సుత్తి పద్ధతి

1994లో అమెరికా దంతవైద్యుడు రాబర్ట్ సమర్స్ ఆస్టియోటోమ్‌లు అనే పనిముట్లతో ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇవి గుండ్రటి కడ్డీలు, ఒకదాని కంటే ఒకటి లావు. సన్నటి రంధ్రం చేశాక వీటిని చిన్న సుత్తితో మెల్లగా కొట్టి దించుతారు. ఎముకను తీసేయకుండా పక్కకు నెట్టి దట్టిస్తారు. ఇల్లు కట్టేటప్పుడు వదులు మట్టిని దిమ్మిసతో గట్టిపరిచినట్టే. పై దవడలాంటి మెత్తటి ఎముకకు మాత్రమే ఇది పనికొస్తుంది. కింది దవడ ముందు భాగంలో కొడితే ఎముక నొక్కుకోదు, పగులుతుంది.

దట్టించిన ఎముక మొదటి రోజు గట్టిగా అనిపిస్తుంది. కానీ స్పాంజిలోని సన్నటి దూలాలు విరిగి దట్టమయ్యాయి కాబట్టి, శరీరం వాటిని ముందు బాగుచేసుకోవాలి. చిన్న జాతి పందుల మీద చేసిన ఒక ప్రయోగంలో ఈ కారణంగానే మామూలు డ్రిల్లింగ్ కంటే బిగువు తక్కువగా ఉన్నట్టు కనిపించింది. రోగికి కూడా ఇది సుఖమైన అనుభవం కాదు. మత్తు వల్ల నొప్పి ఉండదు, కానీ తలలో మేకు కొడుతున్నట్టు ఉంటుంది. అరుదుగా కొందరికి తర్వాత పక్కకు తిరిగినా, పడుకున్నా కళ్ళు తిరుగుతాయి. ఆ దెబ్బలకు లోపలి చెవిలోని చిన్న రేణువులు కదలడం దీనికి కారణం. చెవి వైద్యుడు తలను ఒక క్రమంలో తిప్పించి సరిచేస్తారు. ఇది తెలియక బీపీ అనుకుని మందులు మింగకండి.

సుత్తి పద్ధతి పూర్తిగా పనికిరానిదేం కాదు. గట్టు సన్నగా ఉండి, రెండు పెంకుల మధ్య స్పాంజి ఎముక మిగిలి ఉంటే, దాన్ని కొంచెం కొంచెంగా వెడల్పు చేయడానికి ఇది పనికొస్తుంది. ఇదే పనిని సుత్తి లేకుండా చేత్తో తిప్పే మరలాంటి ఎక్స్‌పాండర్లతోనూ చేస్తారు. రెండు పెంకులు ఒకదానికొకటి అతుక్కుపోయి మధ్యలో స్పాంజి లేకపోతే మాత్రం ఏ వెడల్పు పద్ధతీ పనిచేయదు. విస్తరించేది ఆ స్పాంజే. అలాంటి చోట ఎముక పొడి, పొర వేసి ముందు గట్టు పెంచాల్సిందే.

ఎదురు తిప్పే డ్రిల్

గత దశాబ్దంలో ఎక్కువగా వినిపిస్తున్న పేరు ఆసియోడెన్సిఫికేషన్. అమెరికాలోని మిషిగన్‌లో పనిచేసే సలాహ్ హువైస్ 2013 ప్రాంతంలో దీన్ని తెచ్చారు. ఇందుకు డెన్సా బర్ అనే ప్రత్యేక డ్రిల్‌లు వాడతారు. వీటిని మామూలు దిశలో తిప్పితే ఎముకను కోస్తాయి. ఎదురు దిశలో తిప్పితే కోయవు, సెలైన్ ధార కింద ఎముకను గోడలకు రుద్ది దట్టిస్తాయి. వేగం నిమిషానికి 800 నుంచి 1500 చుట్లు. వైద్యుడు పైకీ కిందికీ పంపు కొడుతున్నట్టు కదుపుతారు. బయటికి పోవాల్సిన పొడి రంధ్రం గోడల్లోనే చేరుతుంది.

సుత్తి చేసే పనినే ఇది దెబ్బలు లేకుండా చేస్తుంది. రోగికి చాలా సుఖం, వైద్యుడికి అదుపు ఎక్కువ. పంది కాలి ఎముక మీద, గొర్రె తుంటి ఎముక మీద చేసిన తొలి ప్రయోగాల్లో మామూలు డ్రిల్లింగ్ కంటే స్క్రూ గట్టిగా పట్టింది. స్క్రూ చుట్టూ ఎముక శాతం కూడా ఎక్కువ కనిపించింది. ఆ రెండు ఎముకలూ స్పాంజితో నిండినవి, వెడల్పైనవి అని గుర్తుపెట్టుకోవాలి. 0.8 మి.మీ. గోడ ఉన్న మనిషి ముందు పన్నుకు ఆ అంకెలను అలాగే అన్వయించడం తొందరపాటు. తర్వాత మనుషుల మీద చేసిన అధ్యయనాల్లోనూ ఇది ఎక్కువగా మెరుగనిపించింది మెత్తటి ఎముకలో, పెట్టిన రోజు బిగువు విషయంలో. మొదటి రకం గట్టి ఎముకలో దీన్ని వాడవద్దనే చెబుతారు, దట్టించడానికి అక్కడ ఖాళీయే ఉండదు.

ముందు పన్ను దగ్గర దీనికి సరైన చోటు సన్నబడ్డ గట్టు. పన్ను పోయి కొన్ని నెలలైంది, గట్టు కొంత కుంచించుకుపోయింది, కానీ లోపల స్పాంజి ఉంది. అప్పుడు ఎదురు తిప్పే డ్రిల్ గట్టును కాస్త వెడల్పు చేస్తూనే గోడలను దట్టిస్తుంది. పెదవి వైపు గోడ మరీ పలుచనైతే అది కూడా చీలుతుంది. చీలిక కనిపించకపోయినా ఒత్తిడికి ఆ గోడ తర్వాత కరగవచ్చు. కొందరు వైద్యులు ఇందుకే వెడల్పు చేసిన తర్వాత కూడా బయటి నుంచి ఎముక పొడి వేసి పొర కప్పుతారు. అది అదనపు ఖర్చే, కానీ అనవసర ఖర్చు కాదు.

పీజో, నీళ్ళు లేని నెమ్మది డ్రిల్

ఇటలీకి చెందిన తొమాసో వెర్చెలోత్తి అభివృద్ధి చేసిన పీజో పద్ధతిలో డ్రిల్ తిరగదు, కంపిస్తుంది. సెకనుకు 24 వేల నుంచి 30 వేల సార్లు. ఎముకలాంటి గట్టి పదార్థాన్ని కోస్తుంది, చిగురు, నరం, సైనస్ పొర లాంటి మెత్తటివాటిని అంతగా కోయదు. డ్రిల్ పక్కకు జారే సమస్య ఇందులో తక్కువ. పీజోతో చేసిన రంధ్రాల్లో తొలి వారాల బిగువు లోయ తక్కువ లోతుగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాలు చూపాయి. పని నెమ్మది, యంత్రం ఖరీదు. సన్నటి గట్టును రెండుగా చీల్చి వెడల్పు చేయడానికి దీన్ని ఎక్కువగా వాడతారు.

స్పెయిన్‌లో ఎడ్వర్డో అనితువా బృందం వాడుకలోకి తెచ్చిన ఇంకో పద్ధతిలో నిమిషానికి 50 చుట్ల లాంటి అతి తక్కువ వేగంతో, సెలైన్ లేకుండా తొలుస్తారు. వేగం లేనందున వేడి రాదు. డ్రిల్ గాడిలో నిలిచిన ఎముకను కడిగేయకుండా దాచి, పెదవి వైపు ఖాళీలో నింపుతారు. రోగి సొంత ఎముక, అదనంగా కొనాల్సిన పని లేదు. ఇది బిగువును ప్రత్యేకంగా పెంచే పద్ధతి కాదు, ఎముకను వృథా చేయని పద్ధతి.

పన్ను తీసిన రోజే పెట్టేటప్పుడు

బండి మీంచి పడి పన్ను విరిగినవాళ్ళలో చాలామందికి అదే రోజు వేరు తీసి, అదే రోజు ఇంప్లాంట్ పెట్టి, తాత్కాలిక పన్ను కూడా అమర్చమని ఆశ. పెళ్ళి దగ్గర్లో ఉంటే ఆ ఆశ ఇంకా గట్టిది. కొందరికి ఇది నిజంగానే కుదురుతుంది. కానీ ఇక్కడ రంధ్రం చేసే చోటే మారిపోతుంది.

పన్ను గుంట స్క్రూ కంటే వెడల్పైనది. గుంట మధ్యలోనే స్క్రూ పెడితే అది దేన్నీ పట్టుకోదు, పైగా పెదవి వైపుకు వాలుతుంది. కాబట్టి అంగిలి వైపు గోడ మీద డ్రిల్ మొదలుపెట్టి, వేరు కొసను దాటి ఇంకా 3 నుంచి 4 మి.మీ. లోపలికి వెళ్ళాలి. బిగువు మొత్తం ఆ అంగిలి గోడ నుంచి, ఆ కొస దాటిన ఎముక నుంచి రావాలి. స్క్రూకూ పెదవి వైపు గోడకూ మధ్య కనీసం 2 మి.మీ. ఖాళీ వదిలి, అందులో ఎముక పొడి నింపుతారు. ఆ గోడను బిగువు కోసం వాడుకోవడమే ఇక్కడ పెద్ద తప్పు. ఎదురు తిప్పే డ్రిల్ గానీ, సన్నటి రంధ్రం గానీ కొస దాటిన భాగంలో బాగా ఉపయోగపడతాయి. పైభాగంలో గోడను తాకకూడదు.

తీసే ముందే గోడ విరిగి ఉంటే, చీము ఉంటే, చిగురు పలుచన అయితే, నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగి చిగురు మానాక పెట్టడం మంచి దారి. ఆగడం వల్ల ఎముక కొంత తగ్గుతుంది, నిజమే. అయినా సరైన చోట పెట్టి, పొడి వేసి కప్పే వీలుంటుంది.

ఎవరికి ఏది

సీబీసీటీ స్కాన్ లేకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. మామూలు ఎక్స్‌రే ఎత్తును చూపుతుంది, పెదవి వైపు మందాన్ని చూపదు. స్కాన్‌లో గట్టు వెడల్పుగా, ఎముక గట్టిగా ఉంటే మామూలు డ్రిల్లింగ్ చాలు, కొత్త యంత్రం పేరుతో ఎక్కువ బిల్లు అక్కర్లేదు. వెడల్పు ఉండి ఎముక మెత్తనైతే సన్నటి రంధ్రం లేదా ఎదురు తిప్పే డ్రిల్. గట్టు సన్నగా ఉండి మధ్యలో స్పాంజి ఉంటే ఎదురు తిప్పే డ్రిల్, ఎక్స్‌పాండర్లు లేదా పీజోతో చీల్చడం. స్పాంజి లేని కత్తి అంచు లాంటి గట్టుకు ముందు ఎముక పెంచి, నెలల తర్వాత ఇంప్లాంట్.

ఇరవై ఏళ్ళ లోపు పిల్లలకు ఇవేవీ తొందరపడి చేయకూడదు. దవడ పెరుగుతూ ఉంటే చుట్టూ ఉన్న పళ్ళు కిందికి దిగుతాయి, ఇంప్లాంట్ ఎముకకు అతుక్కుని ఉన్నచోటే ఉండిపోతుంది, పన్ను పొట్టిగా మిగిలిపోతుంది. అదుపులో లేని చక్కెర, గుట్కా, ఖైనీ, సిగరెట్ మానని అలవాటు, ఎముకల మందులు వాడకం, ఇవన్నీ వైద్యుడికి ముందే చెప్పాలి. ఉత్తరాంధ్రలో కొందరు ఆడవాళ్ళకు ఉన్న అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని తాగడం, అంగిలి మీదే నేరుగా దెబ్బ వేస్తుంది. ముందు పన్ను ఇంప్లాంట్‌కు ఆధారం ఆ అంగిలి వైపు ఎముకే. అలాంటివాళ్ళకు అంగిలి మీద తెల్లటి లేదా ఎర్రటి మచ్చలు ఉన్నాయేమో ముందు చూపించుకోవాలి. ఇంప్లాంట్ సంగతి ఆ తర్వాత.

కాగితం మీది అంకెలు

హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో మన ఇళ్ళల్లో మాట తెలుగు, క్లినిక్‌లో సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషు లేదా ఆ రాష్ట్ర భాష. పెద్దవాళ్ళు చదవకుండానే సంతకం పెట్టేస్తారు. ఈ రెండు అంకెలు తెలిస్తే ఏ భాషలో ఉన్నా కాగితం కొంత అర్థమవుతుంది.

మొదటిది టార్క్. స్క్రూ చివరి చుట్టు తిప్పడానికి పట్టిన బలం, న్యూటన్ సెంటీమీటర్లలో రాస్తారు. అదే రోజు తాత్కాలిక పన్ను పెట్టాలంటే సాధారణంగా 35 దాకా రావాలని చూస్తారు. 20 వస్తే విఫలమైనట్టు కాదు, చిగురు కింద కప్పి నెలలపాటు ఆగితే చాలు. 60, 70 అని రాసి ఉంటే గర్వపడాల్సిన పని లేదు, పైభాగం మీద ఒత్తిడి ఎంత పడిందో అడగాలి. రెండోది ఐఎస్‌క్యూ. చిన్న పరికరంతో స్క్రూను కంపింపజేసి కొలిచేది, 1 నుంచి 100 దాకా ఉంటుంది. 60 కంటే తక్కువైతే బలహీనం, 70 దాటితే బాగా నిలిచినట్టు. ఇది ఒక్కసారి కొలిస్తే పెద్దగా ఉపయోగం లేదు. పెట్టిన రోజు ఒకసారి, క్యాప్ వేసే ముందు ఒకసారి కొలిచి పోల్చాలి.

సంతకానికి ముందు అడగాల్సినవి తేలిక మాటల్లోనే అడగొచ్చు. పెదవి వైపు ఎముక ఎన్ని మిల్లీమీటర్లు ఉంది? తొలిచి తీసేస్తారా, దట్టిస్తారా? గోడ చీలితే ఏం చేస్తారు, ఆ ఖర్చు ఇందులోనే ఉందా? క్యాప్ ఎన్ని నెలలకు? ఈ నాలుగింటికీ స్కాన్ తెరిచి చూపిస్తూ జవాబిచ్చే వైద్యుడి దగ్గర పద్ధతి పేరు ఏదైనా పెద్దగా భయపడక్కర్లేదు.

ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్ళు బెంగళూరు, చెన్నై, ముంబయి, కటక్‌లలోని ప్రభుత్వ దంత కళాశాలల్లో చిగుళ్ళ విభాగంలో, కృత్రిమ దంతాల విభాగంలో విచారించవచ్చు. ఇంప్లాంట్ అన్ని వేళలా దొరుకుతుందని కాదు. స్క్రూ ఖర్చు రోగే పెట్టుకోవాల్సి రావచ్చు. యానాం వాళ్ళకు పుదుచ్చేరిలోని మహాత్మాగాంధీ దంత వైద్య సంస్థ సొంత ప్రాంతపుదే అయినా చాలా దూరం, విజయవాడ ప్రభుత్వ దంత కళాశాల దగ్గర. ఎక్కడ చేయించుకున్నా స్క్రూ కంపెనీ పేరు, మోడల్, వెడల్పు, పొడవు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్‌ను అడిగి తీసుకుని, స్కాన్ సీడీతో పాటు ఇంట్లో దాచుకోండి. పదేళ్ళ తర్వాత ఇంకో ఊళ్ళో క్యాప్ వదులైతే, దాన్ని విప్పడానికి సరిపోయే పనిముట్టు ఏదో ఆ వైద్యుడికి తెలిసేది ఆ స్టిక్కర్ వల్లే.